పేరు ఇండియన్, పుట్టిల్లు రెడిచ్

మోటారు సైకిలు ట్యాంకు మీది పేరును చూసి అది ఎక్కడ పుట్టిందో చెప్పవచ్చునని మనం అనుకొంటాము. అన్నివేళలా అది సాధ్యం కాదు.

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 1901లో ఆరంభమైన 'ఇండియన్' మోటారు సైకిలు ఒకప్పుడు జగత్ప్రసిద్ధం. (ఈ పేరుకు మన దేశంతో సంబంధం లేదు, అమెరికా ఆదివాసులను అక్కడివారు అలా పిలిచేవారు.) 1953లో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. బండి పోయినా పేరు మీది మోజు పోలేదు. ఆ పేరును చేజిక్కించుకొన్న బ్రాక్‌హౌస్ అనే బ్రిటిష్ సంస్థ, 1955 నుంచి ఇంగ్లండులోని రెడిచ్‌లో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లకు ఇండియన్ చిహ్నం తగిలించి అమెరికాలో అమ్మింది. దాదాపు 700 ఘన సెంటీమీటర్ల 'మీటియర్' అక్కడ 'ట్రయిల్‌బ్లేజర్' అయింది. 250 ఘన సెంటీమీటర్ల 'క్లిప్పర్' 'ఫైర్ యారో' అయింది. 1959లో 'చీఫ్' అనే ఘనమైన పాత పేరు సైతం ఒక ఎన్‌ఫీల్డుకే దక్కింది! ఈ ఏర్పాటు 1960తో ముగిసింది.

ఇట్టి బండి నేడు ఎవరికైనా దొరికితే దాని పుట్టుక తెలుసుకోవడమెలా? ఇది వినోదం కోసం అడిగే ప్రశ్న కాదు. పాత స్ప్రింగ్‌ఫీల్డ్ బండి భాగాలు దీనికి అతకవు. పేరును నమ్మి వెదికినవాని సొమ్ము వృథా.

రంగు, చిహ్నం మార్చడం సులభం. పోత అచ్చులు మార్చడం ఖరీదైన పని. అందుచేత ఇంజనునే అడగాలి. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలావాటికి కందెన నూనె తొట్టి విడిగా సీటు కింద ఉండి, గొట్టాలతో ఇంజనుకు కలిసేది. ఎన్‌ఫీల్డులో మాత్రం నూనె అర ఇంజను అడుగుపెట్టెతో కలిపి పోతపోసి ఉంటుంది. వెనుక చక్రపు హబ్బు విప్పితే రబ్బరు దిమ్మెలు కనిపిస్తాయి. ఇంజను కుదుపులు చక్రానికి తగలకుండా అవి మింగివేస్తాయి. చాలా బండ్లలో గేరుపెట్టె పక్కన మరొక చిన్న మీట కూడ ఉంటుంది. దానిని కాలితో నొక్కితే, మొదటి గేరులో తప్ప మరే గేరులో ఉన్నా బండి ఒక్కసారిగా న్యూట్రల్‌కు వస్తుంది. ట్యాంకు మీది అక్షరాలకంటె ఈ మూడు సాక్ష్యాలే నాకు నమ్మదగినవిగా తోస్తాయి.

చిత్రమేమంటే, అదే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి, 350 ఘన సెంటీమీటర్ల బుల్లెట్ బండ్లను బిగించడం మొదలుపెట్టింది. అమెరికాలో 'ఇండియన్' అన్నది ఇంగ్లండు బండి; ఇండియాలో బిగించినది ఇంగ్లీషు పేరునే నిలుపుకొన్నది. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. 1977లో మద్రాసు బుల్లెట్లు బ్రిటనుకే ఎగుమతి అయ్యాయి.