హైదరాబాదు నగరమున వార్తాసాధనములు – ప్రజాభిప్రాయము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయకమగు వ్యాస మొకటి వ్రాయుమని కార్యకర్తలు నన్ను కోరిరి. మహర్షుల వంశావళులను గూర్చియు, చేనేత ప్రాచీనతను గూర్చియు వెనుకటి సంచికలలో పెద్దలు విరివిగా వ్రాసియున్నారు. కావున నేను నేటి మన జీవనమునకు మిక్కిలి దగ్గరయైన విషయము నొకదానిని గ్రహించితిని. నేడు లాల్‌దర్వాజా మొదలు ఉప్పుగూడ వఱకు మనవారి యిండ్లలో సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. పెండ్లి సంబంధములు, చావుకబుర్లు, సంఘ సమావేశములు అన్నియు వాట్సాపు ద్వారముననే తెలియుచున్నవి. ఈ సాధనమువలన లోకము చెడిపోయినదని కొందఱును, దీనివలననే లోకము బాగుపడునని కొందఱును వాదించుచున్నారు. ఇరువురును చరిత్రను విచారించుట లేదు. ఈ నగరమున వార్త నడచు త్రోవ మాఱుట యిది మొదటిసారి కాదు.

విషయమును తూచుటకు ముందొక త్రాసు కావలెను. మన తర్కశాస్త్రజ్ఞులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. వీనిలో శబ్దమనగా ఇతరులు చెప్పగా విని తెలిసికొనుట. అయితే విన్న ప్రతి మాటయు ప్రమాణము కాదు. చెప్పినవాడు ఆప్తుడై యుండవలెను. విషయమును ఉన్నది ఉన్నట్లు ఎఱిగినవాడును, ఎఱిగినదానిని దాచక, పెంచక చెప్పువాడును ఆప్తుడు. పత్రికయైనను, రేడియోయైనను, సెల్‌ఫోనైనను శబ్దమును మోయు వాహనములే. వాహనము మాఱినను ప్రశ్న మాఱదు: చెప్పినవా డెవడు?

ప్రజాభిప్రాయమునకు అంకురము

అసఫ్‌జాహీ ప్రభువుల కాలమున రాజాజ్ఞ దండోరాతో ప్రజలకు చేరెడిది. ప్రజల మాట రాజునకు చేరుటకు మాత్రము తగిన మార్గము లేకుండెను. ఈ స్థితిలో మొదటి కదలిక 1883లో కలిగెను. చాందా రైలుమార్గపు ఏర్పాటును గూర్చి ప్రభుత్వము ఆంగ్ల వ్యాపారులతో ఒప్పందమునకు పూనుకొనగా, ఆ ఒప్పందమునందలి విషయములను ప్రజలకు తెలుపవలెనని నగరములోని విద్యావంతులు కోరిరి. వీరిలో సరోజినీ నాయుడు గారి తండ్రియగు అఘోరనాథ ఛట్టోపాధ్యాయులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము గారు ప్రముఖులు. అఘోరనాథులను కొలువునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టిరి. వారు కోరినది సింహాసనము కాదు, తెలిసికొను హక్కు మాత్రమే. పిమ్మట వారిని మరల రప్పించిరి. తెలిసికొను హక్కును గూర్చిన వాదము ఈ నగరమున అప్పుడే మొలకెత్తినదని చెప్పవచ్చును.

గ్రంథాలయములు, పత్రికలు

నిజాము రాజ్యమున ప్రజలలో అధికసంఖ్యాకులు తెలుగువారే యయినను, కచ్చేరీలయందును ఉన్నత విద్యయందును తెలుగునకు స్థానము లేకుండెను. ఈ లోపమును తీర్చుటకు 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మున్నగువారు దీనికి మూలపురుషులు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి యీ నగరముననే పుట్టి, చరిత్ర, ప్రకృతిశాస్త్రములను సులభమైన తెలుగున ప్రకటించెను. పదిమంది కూర్చుండి పత్రిక చదువుకొను గది యొకటి ఊరిలో నున్నచో అచ్చట అభిప్రాయము పుట్టును. గ్రంథాలయములను చూచి పాలకులు శంకించుటకు కారణ మిదియే.

1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగెను. అందు అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగున ప్రసంగింప నారంభింపగా సభలో కొందఱు గేలిచేసి అల్లరి గావించిరి. ఆంగ్లము, ఉర్దూ, మరాఠీ ప్రసంగములకు లేని యవమానము తెలుగునకు కలిగెను. ఆ రాత్రియే కొందఱు తెలుగు పెద్దలు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు గారు దానికి ప్రాణమై నిలిచిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు బీజ మిచ్చటనే పడినది. ఒక్క యవమానము ఉద్యమముగా మాఱుటకు దాని వెనుక ఇరువది యేండ్ల గ్రంథాలయసేవ యుండెనని మఱువరాదు.

పిదప పత్రికలు వచ్చెను. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు వెలువడినవి. నగరమున 1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక జన్మించెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొక పండితుడు వ్రాయగా, ప్రతాపరెడ్డి గారు తిట్టునకు తిట్టు బదులీయలేదు. ఊరూరికి వ్రాసి, 354 మంది కవుల వివరములను కవిత్వమును సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికగా అచ్చొత్తించిరి. అపవాదమునకు ఆధారముతో బదులు చెప్పు మార్గ మిది. నేటి యువకులు దీనిని కంఠస్థము చేయవలెను.

మన తెలుగు పత్రికలను మాత్రమే పొగడుకొని ఊరకుండుట న్యాయము కాదు. అంటరానివారని సంఘము త్రోసివేసిన వారి పక్షమున భాగ్యరెడ్డివర్మ గారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథలు చెప్పించి, పాఠశాలలు పెట్టించి, 1931లో భాగ్యనగర్ పత్రికను నడపిరి. చదువురానివారికి హరికథ, చదువుకొన్నవారికి పత్రిక: ఎవరికి ఏ సాధనము తగునో ఆయన యెఱుగును. ఉర్దూ భాషలో మందుముల నరసింగరావు గారి రయ్యతు పత్రిక ప్రజల కష్టములను ప్రభువుల భాషలోనే ప్రభువులకు వినిపించెను.

కలమునకు వచ్చిన గండము

సభ జరుపుటకు అనుమతి, పత్రిక పెట్టుటకు అనుమతి, బడి పెట్టుటకు అనుమతి అక్కఱయైన కాల మది. గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞ సభలకు సంకెలవలె నుండెను. రయ్యతు పత్రికను ప్రభుత్వము నిలిపివేసెను. ఆ పత్రికలో పనిచేసిన షోయబుల్లాఖాను 1947 నవంబరులో ఇమ్రోజు అను ఉర్దూ దినపత్రికను నెలకొల్పి, హైదరాబాదు భారతదేశమున చేరుట ప్రజలకు మేలని నిర్భయముగా వ్రాసెను. రజాకారుల దౌర్జన్యములను ఖండించెను. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి ఇంటికి మరలుచుండగా దుండగులు కాచిగూడ ప్రాంతమున ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నఱికిరి. తెల్లవాఱకముందే ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడేండ్లు. నాలుగు వారములు గడవకముందే, సెప్టెంబరు 17వ తేదీన, నిజాము సైన్యము లొంగిపోయెను.

ఈ వృత్తాంతమున గమనింపదగినది యొకటి కలదు. ఇమ్రోజు పత్రికలో వ్రాసినవా డెవడో లోకమున కంతకు తెలియును. ఆయన మాటకు ఆయనయే పూచీ. ఆ పూచీని ప్రాణముతో చెల్లించెను. తన పేరు పెట్టి, తన మాటకు తాను నిలబడువాడే ఆప్తుడు.

అక్షరము యంత్రమున కెక్కుట

1935లో నిజాము ప్రభుత్వాధీనమైన దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. 1949 ఆగస్టు 15వ తేదీన సియాసత్ ఉర్దూ దినపత్రిక వెలసినది. 1995లో ఈటీవీ వచ్చి, టెలివిజను నంతయు తెలుగుతో నింపుట సాధ్యమని చూపినది.

పాతబస్తీలోని ఛత్తాబజారు ఈ మార్పులకు ప్రత్యక్ష సాక్షి. ఉర్దూ లిపిని చేతితో వ్రాయు కాతిబులకును, పెండ్లిపత్రికల ముద్రాపకులకును అది పేరెన్నికగన్న స్థలము. 1994లో ఇన్‌పేజి అను కంప్యూటరు సాధనము వచ్చినపిమ్మట కాతిబు దినమంతయు వ్రాయు పనిని యంత్రము గడియలలో చేయసాగెను. మరమగ్గము వచ్చినపుడు మన చేమగ్గమునకు కలిగిన గతియే కాతిబు కలమునకును కలిగెను. కావున వారి బాధ మనకు ఒకరు విడమఱచి చెప్ప నక్కఱలేదు.

అయినను యంత్రము తెచ్చిన మేలును కాదనరాదు. 1991లో యూనికోడు ప్రథమ ప్రమాణమున తెలుగక్షరములకు స్థానము దొరకుటచే ఒక యంత్రమున వ్రాసిన తెలుగు మఱియొక యంత్రమున చదువ వీలయ్యెను. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో జీతము లేక వ్రాయువారి చలువచే నేడు లక్షకు పైగా వ్యాసములు కలవు. విజ్ఞానచంద్రికా మండలి తలపెట్టిన పని యిట్లు క్రొత్తరూపమున సాగుచున్నది. ఒకనాడు సభలో తెలుగు మాటాడినందులకు గేలిచేసిన నగరముననే నేడు యూట్యూబునందు కూలివాడును, రైతుబిడ్డయు తమ యూరి తెలుగున మాటాడి లక్షలమందికి వినిపించుచున్నారు. ఒక చింత మాత్రము కలదు. మన పిల్లలు తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో వ్రాయుచున్నారు. బడిపంతులుగా నేను చెప్పునది యిది: మాట నిలిచినను అక్షరము జాఱినచో పూర్వగ్రంథములకు తాళము పడినట్లే.

కర్ణాకర్ణిక

చెవినుండి చెవికి ప్రాకు వార్తను సంస్కృతమున కర్ణాకర్ణిక యందురు. 2018 మే మాసమున, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలుగునాట అంతటను వాట్సాపులో వదంతులు వ్యాపించెను. ఆ నెల 26వ తేదీ రాత్రి పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన హిజ్రాలను పిల్లల దొంగలని తలచి గుంపు చుట్టుముట్టి కొట్టెను. ఒకరు మరణించిరి, తోడివారు గాయపడిరి. ఎత్తుకొనిపోబడిన పిల్ల యెవరును లేరు. ఆ వదంతిని మొదట పుట్టించినవాడు ఎవడో కొట్టినవారికి తెలియదు, వారు విచారింపనులేదు. ఒక గొఱ్ఱె పోయినదారిని తక్కినవియు పోవు చందమును పూర్వులు గడ్డలికాప్రవాహ మనిరి. ఆ రాత్రి జరిగిన దదియే.

ఆ యేడు జూలైలో వాట్సాపు సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒక్కమాఱు అయిదు చోట్లకు మించి పంపరాదని కట్టుదిట్టము చేసెను. దీనికంటె జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగిన పని నాకు మేలుగ తోచుచున్నది. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు గ్రామములకు పోలీసువారిని పంపి, డప్పు కొట్టించి, పాటగాండ్రచే పాడించి, వదంతులను నమ్మవద్దని ప్రజలకు బోధింపజేసిరి. సెల్‌ఫోను వ్యాధికి డప్పు మందయ్యెను. ముఖమెఱిగినవాడు ఎదుట నిలిచి చెప్పిన మాటకు ఊరు పేరు లేని సందేశముకంటె బలమెక్కువ యని దీనివలన తేలినది.

వాక్స్వాతంత్ర్యము

ఇట్టి అనర్థములను చూచి, సెల్‌ఫోనుపై మాటాడువారి నందఱను చట్టముతో అణచవలెనని కొందఱు పెద్దలు చెప్పుచుందురు. నేను వారితో ఏకీభవింపను. సమాచార సాంకేతిక చట్టమున 66ఏ అను విభాగము 2009 మొదలు అమలులోనుండెను. ఇతరులకు చికాకు కలిగించు మాట వ్రాసినను శిక్షయని అందుండెను. చికాకు అను మాటకు కొలత యెక్కడిది? 2013 మే మాసమున ఈ నగరమునకు చెందిన న్యాయవాదినియు, పౌరహక్కుల సంఘ నాయకురాలును అగు ఒకామెను, ఫేస్‌బుక్కున ఒక శాసనసభ్యుని విమర్శించినందులకు ఈ విభాగము క్రింద నిర్బంధించిరి. పై పోలీసు అధికారుల అనుమతి లేక ఇట్టి నిర్బంధములు చేయరాదని సుప్రీముకోర్టు ఆ నెలలోనే ఆజ్ఞాపించెను. తుదకు 2015 మార్చి 24వ తేదీన, శ్రేయా సింఘాల్ అను న్యాయవిద్యార్థిని తెచ్చిన వ్యాజ్యమున, ఆ విభాగమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను.

అస్పష్టమైన చట్టము దోషినికంటె విమర్శకుని ముందుగ పట్టుకొనును. అఘోరనాథుని వెడలగొట్టినదియు, రయ్యతును నిలిపివేసినదియు ఇట్టి యధికారమే. హత్యకు పురికొల్పువానిని శిక్షించుటకు తగిన చట్టములు వేఱుగ కలవు. విమర్శించువాని నోరు మూయుట వేఱు, అబద్ధమును నమ్మకుండుట వేఱు. మొదటిది ప్రభుత్వము చేయరానిది. రెండవది ప్రజలు చేయవలసినది.

మన కర్తవ్యము

పూర్వము పత్రికకు సంపాదకు డొకడుండెను. వచ్చిన వార్తను పరిశీలించి, తగనిదానిని త్రోసివేసి, తగినదానికి తన పేరుతో పూచీపడెడివాడు. నేడు సెల్‌ఫోను చేతబట్టిన ప్రతివాడును ఆ గద్దెపై కూర్చుండియున్నాడు గాని, ఆ బాధ్యతను తలకెత్తుకొన్నవారు కొలదిమందియే. ప్రతాపరెడ్డి గారి కాలమున సాధనములు తక్కువ, పూచీ ఎక్కువ. మన కాలమున సాధనములు ఎక్కువ, పూచీ తక్కువ. ఈ లోటు తీర్చుటకు సర్కారు రానక్కఱలేదు. సంఘములే చాలును.

కావున మన సంఘమునకు నేను విన్నవించునవి మూడు. సంఘపు వాట్సాపు కూటమిలో పంపినవాని పేరును, ఆధారమును లేని వార్తను ఎవ్వరును ముందునకు పంపరాదని తీర్మానింపవలెను. ఇతర కులములను, మతములను కించపఱచు సందేశము వచ్చినచో, అది మన పెద్దలే పంపినను, అచ్చటనే ఖండింపవలెను. మన గౌరవము ఇతరుల యగౌరవమున లేదు. సంఘ భవనమున తెలుగు, ఉర్దూ, ఆంగ్ల పత్రికలతో ఒక పఠనమందిరమును, అందు పిల్లలకు కంప్యూటరుపై తెలుగు వ్రాయుట నేర్పు తరగతిని పెట్టవలెను. దాతలు పూనుకొన్నచో ఇది భారము కాదు.

మనము నేతగాండ్రము. నూలును వ్రేళ్ళతో తడవి చూడక పడుగు చేయుట మన యింటావంటా లేదు. ఒక్క పోగు తెగియున్నను గుడ్డయంతయు చెడునని మన పిల్లవానికి సయితము తెలియును. నూలు విషయమున మన తాతలు చూపిన జాగ్రత్తను వార్త విషయమున మనము చూపుదుము గాక. మహాసభ జయప్రదమగు గాక!

ఇతి శివమ్.