కెమెరా బటన్ ఇరుక్కుపోతే: ఇంట్లో చేయదగ్గవి, చేయకూడనివి

పాఠశాల కార్యక్రమాల్లో ఫోటోలు తీయడానికి కొందరు పిల్లలు ఇంట్లో మూలపడి ఉన్న పాత డిజిటల్ కెమెరాలు పట్టుకొస్తుంటారు. మంచిదే. అయితే ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న కెమెరాలో చాలాసార్లు ముందుగా మొరాయించేది బటనే. నొక్కితే లోపలికి పోతుంది, పైకి రాదు. వెంటనే పిల్లల చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. తల్లిదండ్రులు దయచేసి ముందు అది ఆపండి.

ఎందుకంటే, ఫ్లాష్ వెలగడానికి కెమెరా లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. బ్యాటరీ 3.7 వోల్టులదే కావచ్చు, కానీ ఈ కెపాసిటర్ సుమారు 300 వోల్టుల దాకా ఛార్జి అవుతుంది. బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా ఆ ఛార్జి చాలాసేపు అందులో నిలిచి ఉండొచ్చు. చిన్న కెమెరాల్లో అది తరచుగా షట్టర్ బటన్‌కు దగ్గర్లోనే ఉంటుంది. వేలు తగిలితే గట్టిగా షాక్ కొడుతుంది. కాబట్టి మూత విప్పే పని మనది కాదు. అదృష్టవశాత్తూ చాలా బటన్లకు ఆ అవసరం రాదు.

బటన్ అంటే పైన ఒక టోపీ, దాని కింద చిన్న స్విచ్చి, అంతే. స్విచ్చి పాడవడం తక్కువ. టోపీ చుట్టూ ఉండే వెంట్రుకవాసి సందులో చెమట, దుమ్ము, పిల్లల చేతి జిడ్డు చేరి బంకలా గట్టిపడటమే ఎక్కువ. మన చెన్నైలో గాలి తేమ, మెరీనా ఇసుక దీనికి తోడు. బటన్ పైకి లేచినా కెమెరా దానంతట అదే ఫోటోలు తీసేస్తోందా, మెనూ ఆగకుండా పరుగెడుతోందా? అప్పుడు లోపం లోపలి స్విచ్చిలో ఉందన్నమాట. ఈ శుభ్రం చేసే పద్ధతి దానికి పనిచేయకపోవచ్చు.

ఇక పని మొదలెడదాం. కెమెరా ఆపి, బ్యాటరీ, మెమరీ కార్డు రెండూ తీసేయండి. కార్డులోని ఫోటోలు ముందుగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. తాతగారి షష్టిపూర్తి ఫోటోలు వాటిలోనే ఉండొచ్చు, కెమెరా మళ్ళీ కొనుక్కోవచ్చు గానీ అవి దొరకవు. ఇసుక పడిందని అనుమానం ఉంటే బటన్ నొక్కనే వద్దు, రేణువులు ఇంకా లోపలికి దిగుతాయి. కెమెరాను తలకిందులుగా పట్టుకుని, లెన్సులు తుడిచే రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర్లు పడతాయి.

తర్వాత చెక్క టూత్‌పిక్ మొనతో బటన్ చుట్టూ ఉన్న సందును నెమ్మదిగా గీకండి. గుండుసూది వాడితే గీతలు పడతాయి. అప్పుడు ఇయర్ బడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, పిండి, బటన్ అంచు వెంబడి తిప్పండి. తడి తగలాలి, చుక్క కారకూడదు. ఇప్పుడు బటన్‌ను ఇరవై ముప్ఫై సార్లు నొక్కి వదలండి. బయటికొచ్చిన మురికిని పొడి బడ్‌తో తుడవండి. ఒక్కసారికే రాకపోవచ్చు, రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. అరగంటైనా ఆరనిచ్చి అప్పుడే బ్యాటరీ పెట్టండి. కొన్ని కెమెరాల మీద ఉన్న రబ్బరు పూత, అక్షరాలు ఈ ద్రవానికి చెరిగిపోతాయి కనుక ముందు కనిపించని మూల ఒకచోట రుద్ది చూడండి. ఇది మండే ద్రవం. వంటగదిలో, దీపం దగ్గర వద్దు. పిల్లల పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

ఆల్కహాలే కదా అని హ్యాండ్ శానిటైజర్ వాడేవాళ్ళున్నారు. అందులో నీళ్ళు, తరచుగా గ్లిజరిన్ కూడా ఉంటాయి, ఆరాక ఇంకా అంటుకుంటుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తలుపు బందులకు కొట్టే స్ప్రేలు ఏవీ వద్దు. ఆ పూట బటన్ జారుతుంది, నాలుగు రోజులకు ఆ నూనెకే దుమ్ము పట్టుకుంటుంది. నూనె లెన్సు దాకా పాకితే కెమెరా మీద ఆశ వదులుకోవాల్సిందే.

మూడుసార్లు చేసినా లొంగకపోతే రిపేరు షాపుకు తీసుకెళ్ళండి. అన్నాసాలై పక్కన రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలు వరసగా ఉన్నాయి, అక్కడ విచారించొచ్చు. కెమెరా ఇచ్చే ముందు కార్డు తీసుకోండి, ఖర్చెంతో ముందే అడగండి, రసీదు లేకుండా వదిలి రాకండి. స్విచ్చి మార్చడానికి అడిగే డబ్బు పాత కెమెరా విలువను మించితే నేనైతే చేయించమనను. వైఫై ఉన్న మోడల్ అయితే చాలావాటిని ఫోన్‌లోని యాప్ నుంచే క్లిక్ చేయొచ్చు, బటన్‌తో పనే ఉండదు.

బాగైన కెమెరాను మళ్ళీ తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేయకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తోలు తేమ పట్టి లెన్సుకు బూజు తెస్తుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. బియ్యంలో పెట్టొద్దు, ఆ పిండి మళ్ళీ బటన్ సందులోకే చేరుతుంది. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే అది తేమ పీల్చుకోవడం ఆపేసినట్టు. అప్పుడు కొత్త పొట్లం వేయండి.