ఇసుక మీద నిలిచిన ఆనకట్ట

గోదావరి ఇసుకతిన్నెల మీద ఆడుకొను పిల్లలు తడి ఇసుకను కాలి మీద కుప్పగా పోసి, అరచేతితో తట్టి, మెల్లగా కాలు వెనుకకు తీసి పిచ్చుకగూళ్ళు కట్టుదురు. నీటి అల ఒక్కసారి తాకిన చాలును, ఆ గూడు కరిగి ఇసుకలో కలిసిపోవును. ఆ పిల్లలే తల యెత్తి ధవళేశ్వరము వైపు చూచినచో, నదికి అడ్డముగా ఒడ్డునుండి ఒడ్డునకు సాగిన కట్టడము కనిపించును. అదియు ఆ ఇసుక మీదనే నిలిచినది. చిన్న గూటిని నిలుపలేని ఇసుక అంతటి బరువును, అంతటి వరదను ఎట్లు నిలుపుచున్నది?

ఇది పిల్లల ప్రశ్న. మేమును చిన్ననాట ఈ ప్రశ్నను పెద్దలను అడిగినవారమే. “గట్టిగా కట్టినారు, నిలిచినది” అను సమాధానముతో తృప్తిపడవలసి వచ్చినది. తరువాత చరిత్రను తిరుగవేయగా తెలిసిన విషయమేమనగా, ఆనాడు ఆ కట్టను కట్టిన ఇంజనీరులకును ఇంతకంటె పూర్తియైన సమాధానము తెలియదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని వంటి కట్టడము ఇసుక మీద ఎందుకు నిలుచునో, ఎప్పుడు కూలునో లెక్కకట్టి చెప్పిన గ్రంథము 1936లో వెలువడినది. పని ముందు నడిచినది. శాస్త్రము ఎనుబది నాలుగేండ్లు వెనుక నడిచినది. ఆ నడుమ జరిగిన కథయే నేటి మన ప్రసంగము.

మొదట ఆనకట్ట అవసరము ఎట్లు కలిగినదో చూతము. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను స్మశానము చేసినది. ఎముకలు మిగిలిన మనుష్యులను చూచి జనులు దానికి డొక్కల కరువని పేరు పెట్టినారు. గోదావరి సీమలోను ఆ దశకములో కరువులు, తుపానులు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. ఇంతటి మహానది కండ్ల యెదుటనే సముద్రములో కలియుచుండగా ఒడ్డున పొలములు బీటలు వారినవి. ఈ పరిస్థితిలో ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు గోదావరిని పరిశీలించి, 1844-45లో తన నివేదికలు సమర్పించి, నదికి అడ్డుకట్ట కట్టవలెనని చెప్పినాడు.

కట్ట ఎత్తు సుమారు 12 అడుగులు మాత్రమే. ఇంత పొట్టి కట్టతో అన్ని లక్షల ఎకరములకు నీరెట్లు పారునని మనకు సందేహము కలుగవచ్చును. డెల్టాలో నది పల్లములో ప్రవహించదు. ఏటేట వరదలు తెచ్చిన ఒండ్రు మొదట ఒడ్డుననే పేరుకొనుటచే నది తన యిరు దరులను తానే ఎత్తు చేసికొనును. దరులనుండి దూరము పోయినకొలది నేల పల్లమగును. కావున నీటిని కొద్ది అడుగులు పైకెత్తి కాలువలోనికి మరల్చినచో, ఆపైన అది తన దారిని తానే వెదకికొని చేలకు పోవును. ఏతాముతో గాని, యంత్రముతో గాని పని లేదు. ధవళేశ్వరము వద్ద నది లంకలచే చీలియుండుటవలన కట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా కట్టినారు. అన్నియు కలిపి సుమారు 12,000 అడుగుల పొడవు.

అయితే అడుగున రాయి లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. ఐరోపాలో చదివిన ఇంజనీరులకు పునాది యనగా గట్టినేల దొరకువరకు పోవలసినదే. ఇచ్చట ఆ సూత్రము పనికిరాలేదు. కాటన్‌కు దారి చూపినది ఆయన చదువు కాదు. ఆయన అంతకుముందు తమిళదేశములో చూచిన ఒక పాత కట్ట.

తిరుచిరాపల్లికి చేరువలో కావేరి మీద కల్లణై అను రాతికట్ట ఉన్నది. కరికాల చోళుడు కట్టించినాడని ప్రసిద్ధి. పొడవు సుమారు 1,080 అడుగులు. అది తిన్నని గోడ కాదు. పాము నడకవలె వంపులు తిరిగియున్నది. దానిని కట్టినవారు గట్టినేల కొరకు వెదకలేదు. చెక్కని పెద్ద రాళ్ళను నదిలో వేసినారు. నీరు రాతి క్రింది ఇసుకను కోయుచుండగా రాయి దిగబడినది. దానిపై మరియొకటి వేసినారు. ఇక దిగబడక నిలిచిన రాళ్ళమీద బంకమట్టితో రాళ్ళు పేర్చి కట్ట లేపినారు. ఇసుకతో పోరాడక, ఇసుకనే తన చోటు తాను చూపనిచ్చినారు. కాటన్ 1836లో కావేరి పాయయైన కొల్లడము మీద అడ్డుకట్టలు నిర్మించుచు ఈ పాతపనిని శ్రద్ధగా పరిశీలించినాడు. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలుపు విద్యను తాము ఈ దేశస్థులనుండియే నేర్చుకొంటిమని ముదిమిలో ఆయనయే వ్రాసినాడు. ‘ఆనికట్’ అను మాట ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కినదియు దక్షిణదేశమునుండియే. తమిళుల అణైక్కట్టు, మన ఆనకట్ట తోబుట్టువులు. మాటతో పాటు విద్యయు అటు వెళ్ళినదని చెప్పవచ్చును.

ధవళేశ్వరము పని 1847లో మొదలైనది. కొండ రాయి చేరువలోనే దొరకినది. దానిని తరలించుటకు పట్టాలు వేసినారు. ఇసుకలో ఇటుక బావులను వరుసగా దించినారు. మన పల్లెలలో ఒరల బావి దించు పద్ధతియే ఇది: ఒరను నేలమీద నిలిపి, లోపలి ఇసుకను తోడుచుండగా ఒర తన బరువుచేతనే దిగిపోవును. ఆ బావులను పూడ్చి వాటిమీద గోడలు లేపి, గోడల నడుమ నింపి, పైన రాతితో కప్పి, దిగువవైపు పెద్ద రాళ్ళను విస్తారముగా పరచినారు. వేలాది కూలీలను సమకూర్చి పని నడపుటలో కాటన్‌కు కుడిభుజమైనవాడు వీణెము వీరన్న. ఆయన పేరు మనకు మిగిలినది. ఎండలో రాళ్ళు మోసిన వారి పేర్లు మిగులలేదు. అయిదేండ్లలో కట్ట లేచినది.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఆనకట్ట నీటిని ఆపుననుకొందుము. పైన ఆపుట నిజమే. క్రిందనో? ఎండకాలములో ఇసుకలో చెలమ త్రవ్వినవారికి సంగతి తెలియును. నీటికి పది అడుగుల దూరమున త్రవ్వినను గుంటలో నీరు ఊరును. ఇసుక నీటిని ఆపదు, ఆలస్యము చేయును. ఆనకట్టకు ఎగువ నీరు ఎత్తులోను, దిగువ నీరు పల్లములోను ఉండుటచే, కట్ట క్రింది ఇసుకలోనుండి నీరు రేయింబవళ్ళు దిగువకు జారుచునే యుండును. లోకములో ఇసుకమీద కట్టిన ఏ ఆనకట్టయు ఈ ఊటను పూర్తిగా ఆపలేదు.

ఊట యుండుట ప్రమాదము కాదు. ఆ ఊట ఇసుకను వెంటబెట్టుకొని పోవుట ప్రమాదము. చెరువుగట్టుకు కావలి కాయు రైతు ఈ భేదమును ఎరుగును. గట్టు దిగువ చెమ్మ కనిపించినచో వంగి చూచును. నీరు తేటగా ఉన్నచో ఊరకుండును. బురదగా వచ్చుచున్నచో ఊరిని లేపును. ఎండ్రకాయ బొరియ ఇట్లే గండియగును. బయటివైపు మొదట ఒక పిడికెడు మట్టి పోవును. పోయినంత మేర నీటికి దారి పొట్టియగును. దారి పొట్టియైన కొలది నీటికి బలము హెచ్చును. ఆ బలము మరింత మట్టిని లాగును. ఇట్లు దిగువనుండి ఎగువకు సొరంగము పాకిపోయి, ఒకనాటి రాత్రి పైకట్ట కూలును. చూచినవారు వరద కొట్టినదందురు. కొట్టినది వరదయే, కాని పైనుండి కాదు.

దారి పొడవునకు, నీటి బలమునకు గల ఈ సంబంధమును మొదట కొలిచినవాడు ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ. ఆయన దిజాన్ పట్టణమునకు మంచినీటి ఏర్పాటు చేసినవాడు. ఇసుక నింపిన గొట్టములలో నీరు పోసి, నీటిమట్టములలో ఎంత భేదమున్న అంత హెచ్చుగాను, ఇసుకలోని దారి ఎంత పొడవైన అంత తక్కువగాను నీరు పారునని 1856లో ప్రకటించినాడు. అప్పటికి ధవళేశ్వరము కట్ట నాలుగేండ్ల వయసుది.

డార్సీ చెప్పినది ఆనకట్టలకు అన్వయించుటకు మాత్రము నష్టములే గురువులు కావలసి వచ్చినది. నేడు పాకిస్తానులో ఉన్న ఖంకీ వద్ద చీనాబు నది మీది కట్ట 1895లో దెబ్బతిన్నది. గంగమీది నరోరా కట్టకు 1898లో అడుగునుండి వచ్చిన ఒత్తిడిచే రాతితలము పైకి లేచిపోయినది. రెండింటను పైపనిలో లోపము కనిపించలేదు. ఆ కాలముననే రూర్కీలో కల్నల్ క్లిబ్బర్న్ ఖంకీ ఇసుకను గొట్టములో నింపి నీటి ఒత్తిడి ఎట్లు తగ్గుచు వచ్చునో పరీక్షించినాడు. ఈ అనుభవములన్నిటిని కూర్చి బ్లై అను ఇంజనీరు 1910 ప్రాంతమున ఒక సులభసూత్రము చెప్పినాడు. నీరు కట్ట అడుగును అంటుకొని ప్రాకునని, ఆ ప్రాకు దారి నీటి ఎత్తునకు ఇన్ని రెట్లుండవలెనని ఆ సూత్రము. గరుకు ఇసుకకు 12 రెట్లు. హిమాలయ నదుల సన్నని ఇసుకకు 15 రెట్లు. నీటిని 12 అడుగులు ఎత్తవలెనన్న గరుకు ఇసుకలో 144 అడుగుల దారి, సన్నని ఇసుకలో 180 అడుగుల దారి కావలెను. దారిలో 6 అడుగుల లోతు గోడ దించినచో నీరు 6 అడుగులు దిగి, 6 అడుగులు ఎక్కవలెను గనుక 12 అడుగులు జమయగును. ధవళేశ్వరములో బావులు దించుట, రాళ్ళు విస్తారముగా పరచుట ఏమి మేలు చేసినవో ఇప్పుడు మనకు బోధపడును. నీటిని ఆపలేమని గ్రహించి, దానిని నడిపించి నడిపించి అలసట కలిగించినారు.

బ్లై సూత్రము చాలకాలము చెల్లినది గాని అది పూర్తి సత్యము కాదు. 1926-27 ప్రాంతమున పంజాబులో ఎగువ చీనాబు కాలువ మీది కట్టడములు కొన్ని చెడిపోగా, ఎ. ఎన్. ఖోస్లా వాటి అడుగున గొట్టములు దింపి ఒత్తిడిని కొలిచినాడు. సూత్రము చెప్పిన అంకెలు ఒకటి, గొట్టములు చూపిన అంకెలు వేరొకటి. ఆయన అంకెల పక్షము వహించినాడు. ఎన్. కె. బోస్, మెకెంజీ టెయిలర్ అనువారితో కలిసి ఆయన 1936లో ప్రకటించిన గ్రంథము నేటికిని ఇంజనీరులకు పాఠ్యమే. అందలి ముఖ్యవిషయమును ఇట్లు చెప్పవచ్చును. మొత్తము దారి పొడవు ఒక్కటి చూచిన చాలదు. నీరు ఇసుకలోనుండి బయటపడు చివరి అడుగే ప్రాణము. అచ్చట నీరు పైకి తన్నుచుండును. ఇసుక తన బరువుచే అణచుకొని యుండును. నీటిలో మునిగిన ఇసుక బరువు ఇంచుమించు అంతే పరిమాణముగల నీటి బరువునకు సమానము. కావున ఒక అడుగు దారిలో నీటి ఒత్తిడి ఒక అడుగు ఎత్తు మేరకు తగ్గుచున్నచో ఇసుక తేలిపోవును. గరుకు ఇసుకలో దానిలో అయిదారవ వంతు, సన్నని ఇసుకలో ఆరేడవ వంతు మించకుండ చూడవలెను. అందుకొరకు కట్టకు దిగువ చివరను లోతైన గోడ తప్పక దించవలెను.

మన నదులమీది పాత కట్టలు ఇప్పుడు లేవు. 1855లో పూర్తియైన విజయవాడ కృష్ణానకట్టకు 1952లో గండి పడినది. దాని చోట 1954లో మొదలై 1957లో పూర్తియైన బ్యారేజికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టినారు. ధవళేశ్వరములో 1970లో మొదలై 1982 నాటికి కొత్త బ్యారేజి వచ్చినది. దానికి కాటన్ పేరు పెట్టినారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చినప్పుడు గోదావరి గట్లకు గండ్లు పడి ఊళ్ళు మునిగినవి గాని బ్యారేజి నిలిచినది. సుమారు పది లక్షల ఎకరముల డెల్టా నేడు దానిమీద ఆధారపడియున్నది.

ఖోస్లా గ్రంథములోని గణితము మనబోటి వారికి కఠినమే. కాని దాని సారమును చదువురాని ఇల్లాలు ఎప్పుడో ఎరుగును. వేసవిలో చెలమ దగ్గర కూర్చున్న స్త్రీ ముంతతో గబగబ తోడదు. గబగబ తోడినచో గుంటలో మట్టము ఒక్కసారి పడిపోవును. అడుగు ఇసుక కుతకుతలాడి పైకి లేచును. దరులు జారి చెలమ పూడిపోవును. ఒక ముంత తోడి, ఊరువరకు ఆగి, మరల ముంచును. అందుచేత ఆమె బిందెలోని నీరు తేటగా ఉండును. ధవళేశ్వరము కట్ట క్రిందనుండి జారు నీరును నూట ముప్పది ఏండ్లు అట్లే ఆగి ఆగి నడిచినది. పిచ్చుకగూడు కట్టిన పిల్లవాడు మరల మనలను అడిగినచో, వానిని చెలమ దగ్గరకు తీసికొనిపోయి, చేతికి ముంత ఇచ్చి, ఒకసారి వేగముగాను, ఒకసారి నెమ్మదిగాను తోడి చూడుమందము.