తొలి పాఠం ఎవరి భాషలో?

శిశువు పలక పట్టక పూర్వమే విద్యార్థి. తల్లి మాటను అనుకరించడంలో, ఆటలో, పాటలో, కంటబడిన ప్రతి వస్తువు పేరూ అడగడంలో అతని చదువు ఆరంభమవుతుంది. బడి ఆ చదువును కొనసాగించవలసినదే గాని తుడిచివేయరాదు. ఈ సత్యాన్ని ఆచరణలో చూపిన తెలుగువారిలో అగ్రగణ్యులు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940).

వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా పంతులుగారిని ఎరుగని రచయిత ఉండడు. అంతకు ముందే ఆయన ఆరంభించిన సవర సేవ అంతగా ప్రసిద్ధం కాలేదు. 1880లో ఉపాధ్యాయులుగా పర్లాకిమిడి చేరిన ఆయన దృష్టి చుట్టుపట్ల కొండలలోని సవరలపై నిలిచింది. వారి భాష ద్రావిడం కాదు, ముండా కుటుంబానికి చెందినది. నాటికి దానికి లిపి లేదు. తెలుగు వాచకంతో సవర బాలునికి చదువు చెప్పడమంటే అర్థం తెలియని ధ్వనులను వల్లింపజేయడమే. కావున ముందు పంతులుగారే విద్యార్థి అయ్యారు. సవరభాష నేర్చి, అందులో వాచకాలూ కథలూ పాటలూ కూర్చి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. పండితలోకానికి పనికివచ్చే సవర భాషా గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. పసివాడి పుస్తకం ముందు, పండితుని పుస్తకం తరువాత. ఆయన పాటించిన వరుస అది.

1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా మాంటిస్సోరి పద్ధతిని గుజరాతీ కథలతో, పాటలతో సొంతం చేసుకున్నారు. శిశువిద్య ఎక్కడ వేరూనినా ఆ నేలభాషలోనే వేరూనింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది; పంతులుగారు రాజమహేంద్రవరం తరలిపోయారు. సరిహద్దు మారితే నిన్నటి అధికసంఖ్యాకుని బిడ్డ నేడు అల్పసంఖ్యాకుని బిడ్డ కాగలడని ఆ ఏడు తెలిపింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అట్టి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకై వసతులు కల్పించమన్నది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీలను తెచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేండ్ల వయస్సునుండే విద్యకు పునాది దశ అన్నది. అయితే శాసనం పాట పాడలేదు, కథ చెప్పలేదు.

రాయపూరు చెంతనున్న ఉర్లా వంటి పారిశ్రామికవాడలో తెలుగు కుటుంబపు బిడ్డకు వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వినవస్తాయి. అవి నేర్వవలసినవే. కాని ఇంటి మాటకు బడిలో చోటు లేదని మూడేండ్లకే గ్రహించిన బిడ్డ ఆ మాటను దాచుకోవడం నేర్చుకుంటాడు. అతని చేతికి అందవలసిన తెలుగు పాటను, కథను రచయితలే కూర్చాలి. పంతులుగారు సవర బిడ్డకు చేసినది అదే.

ఉర్లాలోని తెలుగు బిడ్డకు ఏ న్యాయం కోరుతామో, తెలుగునాట సవర, కోయ, గోండు బిడ్డలకు అదే న్యాయం చేయాలి. ఇద్దరికీ కొలత ఒక్కటే.