కోలారు వంటయింటి పద్దు: పుట్టుపూర్వోత్తరాలు

స్వల్పాదాయముతో నెల దాటవలసిన గృహమున ఏనాడు ఏమి వండవలెను, ఎంత వండవలెను, మిగిలినదానిని మఱునాటికి ఏ రూపమున నిలుపవలెను అను ఆలోచన ఒక శాస్త్రమని నేడు పలువురు అంగీకరింతురు; అందుకై వారపు వంటల పట్టికలను, నెలసరి పద్దులను, తూకములతోడి పాకవిధానములను వ్రాసి యుంచుకొనుట వివేకలక్షణముగా ప్రశంసింపబడుచున్నది. అయితే ఈ శాస్త్రము కాగితము నెక్కుటకు ఎంతయో ముందుగా, తెలుగు, కన్నడ, తమిళములు ఒకే వీథిలో వినవచ్చు కోలారు జిల్లాలో, చదువెఱుగని ఇల్లాండ్ర చేతులలో సంపూర్ణముగా రూపొందినది. నిలువయుండు ధాన్యము, ఒక్క ఉడుకుతో రెండు వంటకముల నిచ్చు కుండ, ఋతువు ననుసరించు సంత అనునవి దాని ఆధారములు. జీతపు దినము, రేషను కార్డు, తెల్లవారుజామున కదలు రైలుబండి తరువాతికాలమున వచ్చి వీనితో చేరినవి.

కోలారు సీమలో ఏడాది పొడుగునా పాఱు నది లేదు. పాలారు, ఉత్తర దక్షిణ పినాకినులు ఆ ప్రాంతపు కొండలలోనే పుట్టినను, వాన కురిసినప్పుడు తప్ప వానిలో నీరు కానరాదు. అందుచేత పూర్వులు పల్లమైన ప్రతిచోటను చెరువు కట్టి, దాని క్రింద వరి పండించుకొనిరి. తక్కిన విశాలమైన మెట్టనంతయు రాగికి విడిచిరి. ఆ రాగిచేనిలో సైతము రాగి ఒంటరిగా పెరుగలేదు. సాళ్ళ నడుమ అనపయు, కందియు, అలసందయు, ఆవాలును విత్తుట అక్కడి సేద్యగాండ్ర సంప్రదాయము. రాగికోత ముగిసిన పిమ్మటను ఈ పప్పుజాతులు ఒకటి వెంట ఒకటిగా చేతికి వచ్చుచుండెను. ధాన్యమును, దానికి తోడగు పప్పును, తాలింపున వేయు ఆవగింజయు ఒకే మడిలో పండుటచేత, రాబోవు సంవత్సరపు భోజన ప్రణాళిక విత్తనముల వేళనే సగము నిర్ణయింపబడుచుండెనని చెప్పవచ్చును.

రాగి జన్మభూమి తూర్పు ఆఫ్రికా ఉన్నతభూములు. వేల సంవత్సరములకు పూర్వమే అది దక్షిణాపథమునకు చేరి, ఇచ్చటి ఎఱ్ఱనేలలో నిలదొక్కుకొన్నది. దాని గుణములలో బీదకుటుంబమునకు మిక్కిలి ఉపకరించునది నిలువ యుండుట: నేలలో త్రవ్విన పాతరలలో పోసి మూసిన రాగులు పురుగు పట్టక ఏండ్ల తరబడి చెడకుండును. ఈ మహిమను గుర్తించిన కవి కనకదాసు. 16వ శతాబ్దమునకు చెందిన ఆ కన్నడ భక్తకవి తన రామధాన్య చరిత్రలో వరికిని రాగికిని కలిగిన ఆధిక్యవాదమును వర్ణించి, శ్రీరాముడు రెంటిని ఆఱుమాసములు బంధించి యుంచినపుడు వరి కృశించినదనియు, రాగి చెక్కుచెదరక నిలిచినదనియు, అంతట రాముని మెప్పు రాగికి దక్కినదనియు కథ నిర్మించెను. కళ్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమందు రాజభోజనముల వర్ణన కలదు. 16వ శతాబ్దారంభమున మంగరసు రచించిన సూపశాస్త్రమందు శాకపాకముల విధానము కలదు. అవి సమృద్ధిగల వంటశాలలకు వ్రాసిన గ్రంథములు. లేమిని ఎదుర్కొను వంటయింటి ప్రథమసూత్రమును, అనగా ఏది ఎంతకాలము నిలుచునన్న విచారమును, కావ్యవస్తువుగా చేసిన గౌరవము మాత్రము కనకదాసుకే చెందును.

1800-01 సంవత్సరములలో మైసూరు రాజ్యమంతట పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్, మెట్టపంటలలో రాగియే ప్రధానమనియు, సామాన్యజనుల నిత్యాహారము అదియే అనియు వ్రాసి యుంచెను. అయినను వానలు వరుసగా తప్పినచో పాతరలు సైతము అడుగంటునని 1876-78 నాటి మహాక్షామము చాటినది. 1871 జనాభా లెక్కలలో 50 లక్షలకు పైబడిన మైసూరు ప్రజ, 1881 నాటికి 42 లక్షలకన్న తక్కువకు పడిపోయినది. అట్టి విపత్తును చూచిన తరముల కడుపున పుట్టిన జాగ్రత్త గనుకనే, కోలారు ఇండ్లలో అన్నము పాఱవేయుట నేటికిని పాపముగా ఎంచబడుచున్నది.

ఈ జాగ్రత్త వంటలో ఎట్లు రూపు దాల్చినదో చూడవలెను. పావు, సేరు, కొలగము అనునవి ఆ సీమ కొలతలు. ఇన్ని పావుల పిండికి ఇన్ని ముద్దలు, ఇంతమందికి ఇన్ని ముద్దలు అను లెక్క ఆ ఇల్లాండ్రకు కంఠస్థము. ఎసరు మరిగినపుడు పిండి వదలి, కదపక ఉడుకనిచ్చి, పిదప తెడ్డుతో ఉండలు కట్టకుండ కెలికి, తడిచేతితో ముద్దలు చేసినచో సంగటి సిద్ధమగును. వ్యయమగునది పిండి, నీరు, చిటికెడు ఉప్పు, కొంచెము వంటచెఱకు మాత్రమే. రాత్రి మిగిలిన ముద్దను నీటిలో నుంచి, ఉదయమున మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ నంజుకొని త్రాగుట వలన ఒక పూట వంట తప్పును. పొలమునకు పోవువారికి అంబలి, ఇంటనున్నవారికి ముద్ద, పసిపిల్లలకు మొలకెత్తించి ఎండించిన రాగుల పిండితో జావ: ఒక్క ధాన్యము ఇంటిలోని అన్ని వయసులకును ఈ తీరున సర్దబడినది.

ఈ పద్ధతికి పరాకాష్ఠ బస్సారు. కందులో, అలసందలో, ఉలవలో నానబెట్టి, తోటకూర మొదలగు ఆకుకూరతో కలిపి ఉడికింతురు. ఉడికిన పిమ్మట కట్టును వేఱొక గిన్నెలోనికి వంతురు. వేయించిన ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకఱ్ఱ, మిరియాలు, రవంత కొబ్బరి, చింతపండు, వీనితో పాటు ఉడికిన పప్పుకూరలో ఒక పిడికెడు చేర్చి నూరి ఆ కట్టులో కలిపి కాచినచో చారు; కుండలో మిగిలిన పప్పుకూరకు ఆవాలు, ఉల్లిపాయలతో తాలింపు పెట్టినచో కూర. ఒక్కమాఱు మండిన పొయ్యి, ఒక్కమాఱు పోసిన నీరు, ఒక్క గుప్పెడు పప్పు రెండు వంటకములుగా విస్తరిలోనికి వచ్చును. నీటిలోనికి దిగిన సారమేదియు వృథా కాదు. చారు మఱునాటికి మఱింత రుచించుననుట కోలారువారందఱి అనుభవము. చింతపండే పులుపగుటచేత కూరగాయల ధరలు ఈ వంటను అంతగా బాధింపజాలవు. దేశమున పేరెన్నికగన్న టొమాటో మార్కెట్టు కోలారులోనే యున్నను, 2023 జూలైలో కిలో టొమాటో నూఱు రూపాయలు దాటినప్పుడు బస్సారు పొయ్యిమీదనుండి దిగవలసిన అవసరము కలుగలేదు.

ఋతువు కూడ ఈ పద్దులో ఒక పేజీయే. మార్గశిర పుష్యములలో సంతల నిండ అనపకాయలు రాశులు పడును. అప్పుడు ఇంటింట అనపగింజల కూర, గింజలను రాత్రి నానబెట్టి వ్రేళ్ళతో పితికి పొట్టు తీసిన పితికిపప్పు పులుసు; వేసవిలో శ్రీనివాసపురపు మామిడి; ఏమియు దొరకని దినమున వేరుశనగ, మిరపకాయలు నూరిన ఊరుబిండి. చవుకగా దొరకినప్పుడు కడుపార తినుట, ఎండబెట్టి దాచుట, ప్రియమైనప్పుడు దాని ఊసెత్తకుండుట అను మూడు నియమములను అక్కడి సంతయే నేర్పినది.

ఈ కర్షక సంప్రదాయమునకు ప్రక్కనే, 19వ శతాబ్దాంతమున, జీతమే జీవనాధారమైన ఒక పురము వెలసినది. 1875లో మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ అను మాజీ సైనికుడు బంగారు గనుల త్రవ్వకమునకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశము చేసెను. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి రైలుశాఖ వచ్చెను. 1902లో కావేరీతీరమందలి శివనసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. చిత్తూరు సీమనుండి తెలుగువారు, ఉత్తర ఆర్కాటు, సేలము ప్రాంతములనుండి తమిళులు వేలసంఖ్యలో వచ్చి వెదురుతడికల ఇండ్ల వరుసలలో కాపురముండిరి. చేనులేని ఈ కుటుంబములకు పాతర లేదు. సరుకంతయు అంగడినుండి రావలసినదే. గని రేయింబవళ్ళు పాళ్ళుగా నడచునది కావున, ఒకే ఇంట తండ్రి ఒక వేళకు, కొడుకు మఱొక వేళకు అన్నమునకు వచ్చుచుండిరి. భోజన ప్రణాళికకు కాలమను క్రొత్త లెక్క ఇట్లు చేరినది. 1930లో వ్రేలిముద్రల నమోదును ప్రతిఘటించి కార్మికులు మూడు వారములు పని మానినపుడు, కూలి రాని ఆ దినములు వంటయింటికి ఎట్టి పరీక్షయో ఊహింప వచ్చును. జీతము చేతబడిన నాడే నెలకు వలయు ధాన్యము, పప్పు, నూనె, వంటచెఱకు కొనివేసి, మిగిలినదానితోనే తక్కిన ఖర్చులు జరుపవలెనను నియమము అట్టి జీవితములనుండి పుట్టినదే.

లోకమున ఇతరచోట్ల పండితులు ఇదే సమస్యను అంకెలతో పరిశీలించుచుండిరి. కుటుంబాదాయము తగ్గినకొలది అందులో ఆహారమునకు పోవు భాగము పెరుగునని జర్మనీ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో నిరూపించెను. మన దేశమున కూనూరులోని పోషకాహార పరిశోధనశాల అధిపతి వాలెస్ ఎక్రాయిడ్, భారతీయాహారముల పోషకవిలువలను, తృప్తికరమైన భోజనముల ప్రణాళికను వివరించు పుస్తకమును 1937లో ప్రకటించెను. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి, కాలక్రమమున జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి కెక్కినది. ఆ సంస్థ పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో 344 మిల్లీగ్రాముల కాల్షియం కలదు. రాగులలో మాంసకృత్తులు 7 గ్రాములు మాత్రమే యుండగా ఉలవలలో 22 గ్రాములు కలవు. సంగటికి ఉలవ బస్సారును జతపఱచిన ఇల్లాలు ఒకదాని కొఱతను మఱొకదానితో పూరించుచుండెనని ఈ అంకెలు సాక్ష్యమిచ్చుచున్నవి. మండ్యలోని వి.సి. ఫారమను వ్యవసాయ పరిశోధనాకేంద్రమున శాస్త్రజ్ఞులు లక్ష్మణయ్యగారు భారతీయ, ఆఫ్రికా రాగులను సంకరపఱచి ఇండాఫ్ వంగడములను సృష్టించుటతో ఆ ధాన్యపు దిగుబడియు ఇనుమడించినది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. జీతపు దినము పోయెను. దాని స్థానమున గనులయొద్దనున్న మారికుప్పమునుండి బెంగళూరునకు పోవు రైలు నిలిచినది. సూర్యోదయమునకు ముందే స్త్రీపురుషులు వేలకొలది ఆ బండి నెక్కి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. అన్నము డబ్బాలోనికి, ముద్ద రాత్రికి అను క్రొత్త విభజన దీని ఫలితమే. ఇక రేషను కార్డు సంగతి: 2013 నాటి ఆహారభద్రతా చట్టము అర్హులైన ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యము నిచ్చుచున్నది. నలుగురున్న ఇంటికి 20 కిలోలు, అనగా రోజుకు తలకు 170 గ్రాములకు లోపు. కాయకష్టము చేయువానికి ఇది చాలదు. ఆ లోటును పూడ్చు ఉపాయము నేటికిని పప్పు, ఆకుకూర, పొదుపైన వంట అనువానియందే యున్నది.

కావున ఈ విద్యను వ్రాసి యుంచుట మన తక్షణ కర్తవ్యము. మన వంటపుస్తకములు వస్తువులను, విధానమును చెప్పి ముగించును. ఎందరికి చాలును, ఏ నెలలో చవుక, ఒకటి దొరకనిచో దేనిని వాడవలెను, మిగిలినది మఱునాడు ఏమగును అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పవు. కోలారు ముదుసళ్ళకు ఆ నాలుగును తెలియును. గ్రామగ్రామమునను గల స్త్రీశక్తి సంఘములు, పాఠశాలలు, గ్రంథాలయములు పూనుకొని, పావుల లెక్కను గ్రాములలోనికి మార్చి, వారు చెప్పినది చెప్పినట్లు తెలుగునను కన్నడమునను నమోదు చేసినచో, అది ఏ పరిశోధనశాల పట్టికకును తీసిపోని గ్రంథమగును. తక్కువ ధనముతో గౌరవముగా భుజించుట ఎట్లో ఒక ప్రాంతపు ప్రజలు శతాబ్దములు శ్రమించి కనుగొన్నారు. రాబోవు తరము ఆ శ్రమను మరల మొదటినుండి పడనక్కరలేకుండ చేయుట మన చేతిలో నున్నది.