కనాటా అంటే పల్లె

కెనడా అన్న పేరుకు మూలం ‘కనాటా’ అనే మాట. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున మొక్కజొన్న పండించుకుని బతికిన ఇరోకోయన్ల భాషలో దానికి పల్లె అని అర్థం. ఆ మాటను ఒక ప్రాంతం పేరుగా రాసుకున్నవాడు ఫ్రెంచ్ నావికుడు జాక్ కార్టియే. ఆయన 1491లో బ్రిటనీ తీరంలోని సాన్ మాలో రేవుపట్టణంలో పుట్టాడు.

బంగారం ఉన్న నేలలు వెతకమని, ఆసియాకు పడమటి దారి కనిపెట్టమని రాజు మొదటి ఫ్రాన్స్వా ఆయన్ను పంపాడు. 1534 ఏప్రిల్ 20న రెండు ఓడలతో, 61 మందితో బయలుదేరి, 20 రోజుల్లో న్యూఫౌండ్‌లాండ్ చేరాడు. జులై 24న గాస్పే దగ్గర 30 అడుగుల శిలువ పాతించి, దాని మీద ఫ్రాన్స్ రాజుకు జేజేలు చెక్కించాడు. స్టాడకోనా ఊరిపెద్ద డొన్నకోనా పడవలో వచ్చి, ఈ నేల మాది, మమ్మల్ని అడక్కుండా ఎలా పాతారని సైగలతో నిలదీశాడు. దారి తెలియడానికి పెట్టుకున్న గుర్తని కార్టియే బొంకాడు. పైగా ఆ పెద్దాయన కొడుకులిద్దరినీ ఫ్రాన్స్‌కు తీసుకుపోయాడు.

మరుసటి ఏడు మూడు ఓడలు, 110 మందితో తిరిగి వచ్చినప్పుడు నదిలోకి దారి చూపింది ఆ కొడుకులే. నేటి క్యుబెక్ నగరం దగ్గరున్న స్టాడకోనా దాటి, అక్టోబరు 2న హొషెలాగా అనే ఊరు చేరాడు. వెయ్యిమందికి పైగా ఎదురొచ్చి ఆదరించారు. ఊరి వెనక కొండకు ఆయన పెట్టిన ‘మోన్ రొయాల్’ పేరే నేటి మాంట్రియల్. ఆపైన రాళ్ళ మధ్య ఉరికే ప్రవాహం ఓడలకు అడ్డుపడింది.

చలికాలం స్టాడకోనా దగ్గరే గడపాల్సి వచ్చింది. నవంబరు నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా ఓడలు మంచులో బిగుసుకుపోయాయి. తాజా ఆకుకూర, పండు లేక స్కర్వీ సోకింది. చిగుళ్ళు కుళ్ళి, కాళ్ళు వాచి 25 మంది పోయారు. ఒక దశలో 110 మందిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పదిమంది కూడా లేరు. అప్పుడు డొన్నకోనా కొడుకు డొమాగాయా ‘అనెడ్డా’ అనే చెట్టు ఆకూ బెరడూ మరిగించి తాగమన్నాడు. వారం తిరిగేసరికి ఒక పెద్ద చెట్టు మొత్తం కషాయానికే చెల్లిపోయింది, జబ్బుపడ్డవాళ్ళు లేచి తిరిగారు. ఇంతటి మేలు చేసినవాళ్ళకు కార్టియే చేసింది క్షమించరానిది. 1536 మే నెలలో డొన్నకోనాను, ఆయన కొడుకులను, మరికొందరిని బంధించాడు, మొత్తం పదిమందిని ఓడెక్కించాడు. సగెనే అనే సంపన్న రాజ్యం గురించి ఆ పెద్దాయన నోటితోనే రాజుకు చెప్పించాలని కార్టియే ఆశ.

1541లో అయిదు ఓడలతో వచ్చేసరికి ఆ పదిమందిలో ఒక్క బాలిక తప్ప అందరూ ఫ్రాన్స్‌లో చనిపోయారు. కార్టియే మాత్రం స్టాడకోనా వాళ్ళతో, పెద్దాయన పోయాడు గానీ తక్కినవారు పెళ్ళిళ్ళు చేసుకుని దొరల్లా ఉన్నారని చెప్పాడు. ఎవరూ నమ్మినట్టు లేదు, స్నేహం తెగింది. కాప్ రూజ్ దగ్గర కట్టిన స్థావరం ఒక్క చలికాలానికే ఖాళీ అయింది. అక్కడ ఏరుకున్న వజ్రాలు పలుగురాళ్ళని, బంగారం ఇనుప ఖనిజమని ఫ్రాన్స్‌లో తేలింది.

కార్టియే 1557 సెప్టెంబరు 1న సాన్ మాలోలో కన్నుమూశాడు. 1608లో మరో ఫ్రెంచ్ అన్వేషకుడు శాంప్లెన్ క్యుబెక్ నగరానికి పునాది వేసేనాటికి స్టాడకోనా గానీ, ఎగువన హొషెలాగా గానీ లేవు.