సుల్తాను వర్తకము – ఒక ధర్మసందేహము

పావగడ తాలూకా కర్ణాటకమందలి తుమకూరు జిల్లాకు చెందినదైనను, దాని చుట్టును దాదాపుగా ఆంధ్రదేశమే యున్నది. కావున తెలుగువారమగు మనకు ఈ సీమ చరిత్ర పరాయిది కాదు. హైదరు, టిప్పుల యేలుబడిలో నిది మైసూరు రాజ్యమున భాగమై యుండెను.

1793–94లో టిప్పు సుల్తాను వర్తక నిబంధనలను వెలువరించి, ప్రభుత్వ వ్యాపారమున ప్రజలు ధనము నుంచుటకు వీలు కల్పించెను. 5 మొదలు 500 రూపాయల వరకు ఉంచినవారికి ఏడాది చివర అసలుతో పాటు నూటికి 50, 5,000 వరకు 25, అంతకు మించినచో 12 వంతున లాభ మిత్తుమని అందు కలదు. చిన్న మదుపుదారునికే పెద్ద లాభము!

ఉద్దేశము మెచ్చదగినదే. కాని ఇస్లాము వర్తకమును అనుమతించి వడ్డీని నిషేధించినది. ‘ముదారబా’ యను పద్ధతిలో లాభమును ముందు కుదుర్చుకొన్న వంతుల చొప్పున పంచుకొందురు. నష్టము వచ్చినచో పెట్టుబడి పెట్టినవాడు భరించును. ముందే నిశ్చయమైన రాబడిని లాభమందుమా, వడ్డీ యందుమా?

మరియొక చిక్కు గలదు. మిరియములు, చందనము వంటి సరకులపై సర్కారుకే గుత్త హక్కుండెను. రాజే వర్తకుడైనచో ప్రజల వర్తకము చెడునని ఇబ్నె ఖల్దూను 1377లోనే తన ‘ముఖద్దిమా’లో హెచ్చరించి యుండెను.

1799లో టిప్పు మరణముతో ఆ యేర్పాటు అంతరించెను. ప్రశ్న మాత్రము నిలిచినది. నేడు సంఘములలో, చీటీలలో ధనముంచు మనము లాభమెంత యని విచారించుటతో పాటు, నష్టమెవరిదని కూడ విచారింపవలదా?